«కలదో లేదో»: కుడ్యమా, కవచమా?

గోదారిగట్టు: మంచినీటి ప్లాంక్టోమైసీట్స్ అనే బాక్టీరియా వర్గానికి కణం చుట్టూ గోడ ఉందా లేదా అన్న వ్యాసానికి శీర్షిక కావాలి. గజేంద్రమోక్షంలోని పాదాన్ని మార్చి «కలదు కలదనెడి కుడ్యము గలదో లేదో» అని పెట్టాను. ఎక్కడో కుంటుతోంది. మూలం «కలడు కలడనెడివాడు» కదా?

కందప్రియ: కాదండీ, «కలండనెడి». ఆ నిండు సున్న తీసేస్తే ఒక మాత్ర పోతుంది. కలడుక / లండనె / డివాడు / గలడో / లేడో. «కలదు»కు నిండు సున్న రాదు కానీ, మీ పాదంలో మాత్రలు ఎలాగో సరిపోయాయి. ఇది కందం కాబట్టి చిక్కంతా ఆరో గణంతో, అంటే పై పాదంలోని మూడూ పోగా ఈ పాదంలో మూడోదానితో. అక్కడ నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) ఉండాలి, «కుడ్యము» భగణం (గురువు, రెండు లఘువులు). «కవచము» వేయండి, నలం వస్తుంది. తెలుగు అకాడమీ మాటా కణకవచమే.

తెనాలి మైక్రో: ఛందస్సు ఒప్పుకున్నా విషయం ఒప్పుకోదు. కవచం ఒంటికి పైన తొడిగేది. గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలో గోడ పదార్థమైన పెప్టిడోగ్లైకాన్ రెండు త్వచాల మధ్య పల్చగా ఉంటుంది. దాని ముఖ్యమైన పని లోపలి ఒత్తిడికి కణం పగలకుండా పట్టి ఉంచడం. చెరువు నీటిలో లవణాలు బాగా తక్కువ కాబట్టి నీరు కణంలోకి తోసుకొస్తుంది, అక్కడ ఆ పని మరీ కీలకం. దానికున్న మ్యూరీన్ అన్న మరో పేరు కూడా లాటిన్‌లో గోడ అనే అర్థమున్న మూరుస్ నుంచి వచ్చిందే. కుడ్యమే సరి.

పదకోశి: అదే లాటిన్‌లో ఆ మొత్తం నిర్మాణాన్ని శాక్యులస్ అన్నారు, చిన్న సంచి. గ్లూకోసమైన్, మ్యూరమిక్ ఆమ్లాల గొలుసుల్ని పెప్టైడ్లు అడ్డంగా కలిపితే కణం చుట్టూ ఒకే మహాణువు ఏర్పడుతుంది. ఇటుకల గోడ కాదది. «కోశము» అనకూడదా?

కందప్రియ: «కోశము» కూడా భగణమే.

గోదారిగట్టు: «లేదో» అన్న సందేహానికి ఆధారం ఉందా?

తెనాలి మైక్రో: చాలానే ఉంది. 1924లో గిమెషి బుడాపెస్ట్ చెరువులో తొలి ప్లాంక్టోమైసిస్‌ను చూసి శిలీంధ్రం అనుకున్నాడు. జెమ్మాటా ఆబ్స్‌క్యూరిగ్లోబస్‌ను 1984లో ఆస్ట్రేలియాలోని మరూన్ డ్యామ్ నీటి నుంచి వర్ణించారు. 1980ల విశ్లేషణల్లో ఈ వర్గానికి ప్రొటీన్ గోడే కనిపించింది, పెప్టిడోగ్లైకాన్ దొరకలేదు. గోడ కట్టనివ్వని యాంటీబయాటిక్ ఆంపిసిలిన్‌కు లొంగకపోవడాన్నీ దానికి ముడిపెట్టారు. అది రుజువు కాదు, ఆ మందును విరిచేసే బీటా-లాక్టమేజ్ ఎంజైమ్ ఉన్నా లొంగదు. చివరికి 2015లో జెమ్మాటాలోనూ, జర్మనీ సరస్సు నుంచి వచ్చిన ప్లాంక్టోపైరస్ లిమ్నోఫిలాలోనూ పెప్టిడోగ్లైకాన్ ఉందని తేల్చారు.

పదకోశి: తేల్చే పద్ధతి?

తెనాలి మైక్రో: కణాల్ని 4 శాతం డిటర్జెంట్ ఎస్‌డిఎస్‌లో మరిగిస్తే త్వచాలు కరిగి శాక్యులస్ మిగులుతుంది. కడిగేటప్పుడు గది చల్లగా ఉన్నా, బఫర్‌లో పొటాషియం ఉన్నా ఎస్‌డిఎస్ తెల్లగా పేరుకుంటుంది. దాన్ని చూసి శాక్యులస్ అనుకుంటే పని పాడైనట్టే. సోడియం బఫరే వాడి, గోరువెచ్చని నీళ్లతో నురగ పోయేదాకా కడగాలి. తర్వాత శాక్యులస్ విడిపోయేలా 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 100 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచి, అమైనో ఆమ్లాలు వేరయ్యేలా సెల్యులోజ్ పలకపై పరుగెత్తించి, వాటికి రంగు తెచ్చే నిన్‌హైడ్రిన్ చల్లాలి. గోడ పెప్టైడ్లకు గుర్తైన డయమినోపిమెలిక్ ఆమ్లం మచ్చ ఆలివ్ ఆకుపచ్చగా వచ్చి పసుపులోకి తిరుగుతుంది. పల్చని గోడకు కణాలు ఎక్కువ తీసుకోవాలి, లేకపోతే మచ్చ కంటికి ఆనదు. ఆనలేదని «లేదు» అని రాయకూడదు.

పదకోశి: పోతన కూడా «లేదు» అనలేదు కదా. మూడు పాదాల్లో «కలడందురు» అని లోకం మాట చెప్పించి, నాలుగో పాదంలోనే గజేంద్రుడి సొంత గొంతు వినిపించాడు. నా దృష్టిలో అది సందేహం కాదు, నిష్ఠూరం.

కందప్రియ: సందేహమే. వెంటనే వచ్చే సీసం «కలుగడే నాపాలి కలిమి సందేహింప» అని ఎత్తుకుంటుంది కదా.

పదకోశి: ఆ «కలుగడే»లోని ఏకారాన్ని ఎలా చదువుతారు? నాకు అది ప్రశ్నలా కాదు, పట్టుబట్టి పిలుస్తున్నట్టు వినిపిస్తుంది.

తెనాలి మైక్రో: అది మీరిద్దరూ చూసుకోండి. జెమ్మాటా విషయంలో మాత్రం «గలదో లేదో» అని రాస్తే 2015కు ముందు వ్యాసం అవుతుంది.

కందప్రియ: «కవచము గలదే» అంటే గణం చెడదు. చివర గురువుకు ఏం వేస్తారో చూడండి.