కొత్త ఇంటి గోడలకి చెమ్మ, గచ్చు కుంగింది, ప్రహరీ వాలింది: ఇందులో నేను చేసుకోగలిగింది ఏంటి?

కొత్తగాతాపీ:
అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం నుంచి అల్లవరం వెళ్ళే వైపు ఒక పల్లెటూరు. నాన్నగారు రిటైరయ్యాక కట్టించిన ఇల్లు, ఇంకా నాలుగేళ్ళు కూడా నిండలేదు. హాల్లోను, వెనక గదిలోను గోడ అడుగు నుంచి మోకాలెత్తు దాకా రంగు ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా రాలిపోతోంది, లోపల తెల్లగా ఉప్పు పడుతోంది, పొద్దున్నే అమ్మకి అది ఊడవడమే పని. బయట ఇంటి చుట్టూ వేసిన గచ్చు గోడ పక్కన కుంగి వాన నీళ్ళు అక్కడే నిలుస్తున్నాయి. పెరట్లో ప్రహరీ రోడ్డు వైపు వాలినట్టు కనిపిస్తోంది. కట్టిన మేస్త్రిని పిలిస్తే "ఇక్కడ నేలే అంత బాబూ, నాలుగడుగులు టైల్స్ వేసేద్దాం, కనపడదు" అన్నాడు. ఆ లెక్క విని నాన్నగారు మాట్లాడడం మానేశారు. నేను తాపీ ఎప్పుడూ పట్టుకోలేదు గానీ వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి శని, ఆదివారాలు ఖాళీ. వీడియోల్లో చూపించే వాటర్‌ప్రూఫ్ డబ్బా కొనేసి పూసేయనా? ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు?

పాతవర్క్ఇన్‌స్పెక్టర్:
బాబూ, డబ్బా వద్దు, టైల్స్ అసలే వద్దు. నీళ్ళు గోడలోకి ఎక్కే దారి ఉన్నంతకాలం పైన ఏం పూసినా దాని వెనక నుంచి ఎక్కుతాయి. నాలుగడుగులు టైల్స్ వేస్తే చెమ్మ అయిదో అడుగున తేలుతుంది, అక్కడ మీ స్విచ్ బోర్డులుంటాయి.

మీరు గోడ గురించి ఎక్కువ రాశారు గానీ నాకు అనుమానం గచ్చు మీద. పునాది లేచాక గోతిలో మిగిలిన ఖాళీని తవ్విన మట్టితోనే పూడుస్తారు. కొంచెం కొంచెం పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో గట్టిపరచాలి. అంత ఓపిక ఎవరికుంది, ఒక్కసారే తోసేసి పైన గచ్చు పోసేస్తారు. తర్వాత ఆ మట్టి దిగుతుంది, గచ్చు గోడ వైపు వాలుతుంది, ఇక వాన పడినప్పుడల్లా నీళ్ళు తిన్నగా పునాది పక్కకే. అది నల్లమట్టి అయితే తడిసి ఉబ్బడం, ఎండి బీటలివ్వడం, దానికి తోడు ఇది.

ఇంకో మాట. రోడ్డు ఎత్తు పెరిగిందని చుట్టూ మెరక తోలించారా? పునాది మీద తేమని ఆపడానికి ఒక పొర వేస్తారు, డీపీసీ అంటారు. బయట నేల దానికి కనీసం ఆరంగుళాలు కింద ఉండాలి. గోడకి ఆనించి మట్టి పోస్తే డీపీసీ ఎంత బాగా వేసినా దండగే, మట్టిలో తేమ దాన్ని దాటి పక్క నుంచి ఎక్కుతుంది.

ముందు ఖర్చులేని పరీక్షలు చెయ్యండి. గచ్చు మీద బకెట్ నీళ్ళు కుమ్మరించి ఎటు పోతున్నాయో చూడండి. పెచ్చులూడిన చోట అడుగు చదరం పాలిథిన్ కవరు నాలుగు పక్కలా టేపుతో బిగించి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు, తడి చేరితే చెమ్మ గోడలోది. గది వైపు చేరితే గాలిలో తేమ. ఆ గోడ అవతల బాత్రూమ్ ఉంటే రాత్రి ట్యాంకు నింపి కొళాయిలన్నీ కట్టేసి పొద్దున్నే మట్టం చూడండి, పైపు కారుతుంటే ఇప్పటిదాకా చెప్పిందంతా పక్కన పెట్టాలి.

ప్రహరీ మాత్రం ముట్టుకోకండి. ఫొటో పెట్టండి.

గట్టుమీదరొయ్య:
సార్ చెప్పింది బానే ఉంది గానీ, సార్వా (వానాకాలం వరి) రోజుల్లో మా ఇంటి వెనక చేలో నెలల తరబడి నీళ్ళుంటాయి, దాళ్వాకి (రెండో పంటకి) మళ్ళీ మామూలే. భూమిలోనే అంత పైన నీళ్ళున్నప్పుడు గచ్చు మారిస్తే ఏం ఒరుగుతుంది? మేం గోడ అడుగున వరసగా డ్రిల్ చేయించి కెమికల్ ఎక్కించాం, ఆగింది.

పాతవర్క్ఇన్‌స్పెక్టర్:
ఆగుతుంది, కాదనను. డీపీసీ వెయ్యని పాత ఇళ్ళకి అదే దారి. కానీ బయట మట్టి ఆ డ్రిల్ వరస కంటే ఎత్తున ఉంటే ఆ డబ్బు కాలవలో పోసినట్టే. ముందు మట్టి దించి గచ్చు సరిచేసి ఒక వానాకాలం చూసి, అప్పటికీ చెమ్మ ఉంటే ఎక్కించుకోవచ్చు.

కొత్తగాతాపీ:
పరీక్షలు చేశానండి. కవరుకి గోడ వైపు నీటి చుక్కలు. పైపు లీకు లేదు. బకెట్ నీళ్ళు సగం వెనక్కి వచ్చి గోడకీ గచ్చుకీ మధ్య సందులో దిగిపోయాయి, చూస్తుండగానే! మెరక కూడా నిజమే, గృహప్రవేశం అయ్యాక తోలించారు, గచ్చు లేని వైపు హాలు గోడకి ఆనుకునే పోశారు. అమ్మ కడియం నర్సరీల నుంచి తెచ్చిన గులాబీలన్నీ ఆ మట్టిలోనే, రోజూ రెండు పూటలా నీళ్ళు. ప్రహరీ నాలుగున్నర అంగుళాల గోడ, అయిదడుగుల ఎత్తు, లోపల వైపు మూడడుగులు మట్టే. దారానికి గుండు కట్టి చూస్తే పైన రెండు అంగుళాలు బయటికి ఉంది.

పెరటిపాదు:
తమ్ముడూ, గులాబీలు జరపడం మీ అమ్మగారితో మాట్లాడే నేర్పుని బట్టి ఉంటుంది, దానికి ఇక్కడ ఎవరూ సాయం చెయ్యలేరు. గచ్చు సంగతి చెబుతాను, మా భీమవరం వైపు ఇంటికి నేనూ మా ఆయనా కలిసి వేసుకున్నాం.

మొత్తం ఒకేసారి పగలగొట్టొద్దు. అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ముక్క ఒకటి చెయ్యి, అది పూర్తయ్యాకే పక్కది. పగలగొట్టాక మట్టి దించు, కానీ పునాది అడుగు కనపడేంత లోతు తవ్వొద్దు. మెత్తటి మట్టి తీసేసి గ్రావెల్ పొరలు పొరలుగా పోసి, నీళ్ళు చల్లి, మడమతో తొక్కితే దిగనంత గట్టిగా దిమ్మిస కొట్టు. పని మొత్తంలో నడుం విరిగేది ఇక్కడే, మానేయాలనిపించేదీ ఇక్కడే. తర్వాత చెక్క పట్టీలు నిలబెట్టి దారం కట్టు, మూడడుగులకి బయట వైపు ఒక అంగుళం కిందికి. కాంక్రీటుకి సిమెంటు ఒకటికి మూడు ఇసుక, ఆరు ముప్పావు అంగుళం కంకర, మూడంగుళాల మందం. అంత ముక్కకి అర బస్తా సిమెంటు చాలు కాబట్టి కొత్తవాళ్ళకి కూడా చేతిలో ఉంటుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే తేలిగ్గా పరుచుకుంటుంది గానీ తర్వాత పొడి రాలుతుంది. కలిపింది అరగంట, ముప్పావు గంటలో వాడెయ్. చేతికి గ్లౌజులు వేసుకో, తడి సిమెంటు చర్మాన్ని కాల్చేస్తుంది.

నీళ్ళు ఎక్కడివో చూసుకో. పక్కన రొయ్యల చెరువులుంటే బోరు నీళ్ళు నాలిక మీద వేసుకుంటే తెలిసిపోతుంది, ఉప్పగా ఉంటే ఆ నీళ్ళతో కలిపి మళ్ళీ అదే ఉప్పుని గచ్చులో పెట్టుకున్నట్టు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు భూమిలో నీళ్ళు కిందికి దిగుతాయి, తవ్వడానికి హాయి, కానీ తడపడానికి మంచినీళ్ళు కరువు. డ్రమ్ములు ముందే నింపుకో. తడి గోనెసంచులు కప్పి ఏడు రోజులు, బస్తా మీద పీపీసీ (పోజోలానా కలిపిన సిమెంటు) అని ఉంటే పది రోజులు ఆరనివ్వొద్దు.

పాతవర్క్ఇన్‌స్పెక్టర్:
అమ్మాయి బాగా చెప్పింది. ఒకటి కలుపుతాను, గోడకీ కొత్త గచ్చుకీ మధ్య సందు సీలెంట్‌తో మూసేయండి, సిమెంటుతో మూస్తే మళ్ళీ విడుతుంది.

లోపల గోడకి తొందరపడకండి. కరెంటు మెయిన్ ఆపేసి, చెమ్మ గీత కంటే అడుగు పైదాకా ప్లాస్టింగ్ కొట్టేసి, ఉప్పుని పొడి బ్రష్‌తో దులపండి. కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఇటుక అలా బయటకే కనబడుతూ నెలల తరబడి ఆరాలి. చుట్టాలు ఏమన్నా అనుకోనీండి. ఆరాక సున్నం ప్లాస్టింగ్ దొరికితే అది, గోడలో తేమ బయటికి పోతుంది.

ప్రహరీ: నాలుగున్నర అంగుళాల గోడ పైన అంగుళం దాటి వాలితే నాకు భయమే, మీది రెండు. మెరక మట్టి దాన్ని తోస్తోంది, అది మట్టిని ఆపడానికి కట్టిన గోడ కాదు. ఇవాళే రోడ్డు వైపు కొబ్బరి మట్టలో తాడో అడ్డం పెట్టి పిల్లల్ని, బళ్ళని రానివ్వకండి. వాన పడకముందే మనుషుల్ని పెట్టి లోపలి మట్టి తీయించి, పై వరస నుంచి కిందికి విప్పించండి. కొత్తది పనిమంతుడైన మేస్త్రితో దిమ్మలతో, నీళ్ళు పోవడానికి అడుగున రెండంగుళాల పైపు ముక్కలు పెట్టించి కట్టించుకోండి. ఇది మీ శని, ఆదివారాల పని కాదు.

కొత్తగాతాపీ:
తాడు కట్టేశానండి. నాన్నగారు మళ్ళీ మాట్లాడుతున్నారు, మేస్త్రితో. అంత మట్టి, పగిలిన గచ్చు ఏం చెయ్యాలి?

పెరటిపాదు:
గచ్చు ముక్కలు పిడికిలంత చేసి గ్రావెల్ కింద పరిచేయ్, కొంత ఖర్చు తగ్గుతుంది. మట్టి కొబ్బరి చెట్ల పాదుల్లో పలచగా వెయ్, మొదలుకి ఎత్తుగా పొయ్యకు. మిగిలింది "మెరక మట్టి ఇస్తాం" అని ఊళ్ళో ఒక మాట చెప్పు, ట్రాక్టరు వాళ్ళే తెచ్చుకుంటారు.