ఒక స్పార్క్ ప్లగ్గు నల్లగా ఉంది, కొత్త సెట్టు వేస్తే సరిపోతుందా?

(మాట్లాడేవాళ్లను వాళ్ల ఊరి పేరుతో రాశాం.)

తాడిపత్రి: నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, 42,000 కి.మీ. తిరిగింది. పొద్దున స్టార్ట్ చేస్తే ఐడిల్‌లో వణుకుతోంది, పికప్ లేదు. రెండో సిలిండర్ ప్లగ్గు తీస్తే నల్లగా ఉంది. మిగతావి ఇంకా తీయలేదు. ఏం చేయమంటారన్నా?

కర్నూలు: నాలుగూ తీయి. తీసిన వరసలోనే అట్టముక్క మీద పెట్టి 1, 2, 3, 4 అని రాసుకో, కలిసిపోతే చూసి లాభం లేదు. నాలుగూ నల్లగా ఉంటే గాలి చాలడం లేదని అర్థం. మీ వైపు బండల పాలిష్ దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ బుక్కులో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు, ముందు దాన్ని చూడు. ఒక్కటే నలుపైతే ఆ సిలిండర్‌లోనే మంట సరిగా పడటం లేదు.

అనంతపురం: ఇంజన్ పూర్తిగా చల్లారినాకే తీయాలి. ప్లగ్గు బిగించే ఇంజన్ హెడ్డు అల్యూమినియం, వేడిమీద తిప్పితే థ్రెడ్ ఊడి వస్తుంది. ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ పీకగానే ప్లగ్గు గుంతలోకి ఎయిర్ కొట్టించు. ప్లగ్గు ఒక చుట్టు వదులు చేసి మళ్లీ కొట్టించు. గుంతలోని ఇసుక సిలిండర్‌లో పడిందంటే గోడలు గీసుకుపోతాయి. ఈ పని మాత్రం ఎవరూ వదిలేయద్దు. సాకెట్ 16 ఎంఎం, కొన్ని బండ్లకు 14.

ప్రొద్దుటూరు: నలుపును వేలితో తాకి చూడు. పొడిగా అంటితే మసి. మొన దగ్గర జిడ్డుగా ఉంటే వాల్వ్ సీళ్లో, పిస్టన్ రింగులో పోయి ఆయిల్ లోపలికి వస్తోందని. మొన శుభ్రంగా ఉండి పైన గుంతలో ఆయిల్ నిలిస్తే అది ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) వైపు సీలు, చిన్న పని. ఈ రెంటికీ తేడా తెలియక ఇంజన్ విప్పించుకోవద్దు. లేత గోధుమ, బూడిద రంగు మంచివి. తెల్లబారి పొక్కులు లేస్తే వేడెక్కుతోందని.

తాడిపత్రి: రెండోది మాత్రమే నలుపు, పొడిగా ఉంది. ఎమరీ పేపరుతో రుద్ది వేయచ్చా?

కర్నూలు: వద్దు. ఇరిడియం లోహం మొన ఉన్న ప్లగ్గు అయితే ఆ మొన సన్నం, రుద్దితే పోతుంది. మామూలు నికెల్ అయితే 42,000కు దాని ఆయుస్సు ఎట్లాగూ అయిపోయింది, నాలుగూ మార్చు. అయితే కొనేముందు రెండో కాయిల్ మూడోదానికి, మూడోది రెండోదానికి వేసి స్కానర్ పెట్టించు. పీ0302 (రెండో సిలిండర్‌లో మంట తప్పుతోందనే కోడ్) పోయి పీ0303 (మూడోదానిది) వస్తే తప్పు కాయిల్‌ది. కదలకపోతే ప్లగ్గులూ అట్లే మార్చి చూడు. అప్పటికీ రెండులోనే ఉంటే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూపించు.

ఆదోని: నంబరు బుక్కులో ఉన్నదే తీసుకో. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో హీట్ నంబరు (మొన వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకె) పెరిగితే చల్ల ప్లగ్గు, అంటే వేడిని త్వరగా వదిలేది; బాష్ కంపెనీవాటిలో పెరిగితే వేడి ప్లగ్గు. అంకె చూసి ఒకదానికి ఇంకొకటి వేస్తే తారుమారే.

అనంతపురం: బిగించేటప్పుడు మొదట పానా వద్దు, చేత్తోనే తిప్పు. వాషరు ఆనినాక కొత్తదైతే అర చుట్టు. పాతదే మళ్లీ వేస్తే గడియారంలో ఒక గంట జరిగినంత చాలు. థ్రెడ్‌కు గ్రీజు పూయద్దు, తెలియకుండా ఎక్కువ బిగుస్తుంది.

తాడిపత్రి: రెండో కాయిల్, మూడో కాయిల్ అటూ ఇటూ మార్చితే పీ0303 వచ్చింది.

ప్రొద్దుటూరు: ఆ కాయిల్ రబ్బరు బూటు లోపల, పాత ప్లగ్గు పింగాణీ మీద నల్లటి సన్న గీత ఉందేమో టార్చి వేసి చూడు. ఉంటే కరెంటు పక్కకు దూకుతోంది. కొన్ని బండ్లకు బూటు విడిగా దొరుకుతుంది, అది అడిగినాకే కాయిల్ కొను. గీత ఉన్న ప్లగ్గును మాత్రం కొత్త బూటులో పెట్టద్దు.