హాస్య నవల: కోనసీమలో ఉమ్మడి పొలం, నలుగురు తిక్కమనుషులు. సాగు తప్పుల్లేకుండా రాయడమెలా?

కొత్తకలం:
అమలాపురం దగ్గర ఊరు. పిల్లల్లేని పెద్దాయన మూడెకరాల వరిచేను, ఎకరం కొబ్బరితోట నలుగురికి కలిపి రాసి పోతాడు: రిటైరైన లెక్కల మాస్టారు, పనిలేని హార్మోనిస్టు, ఏ కోర్సూ పూర్తిచెయ్యని మేనకోడలు, నోరు విప్పని మాజీ లస్కరు (కాలువ నీళ్లు చూసే ఉద్యోగి). మొదటి సార్వా (వానాకాలం వరిపంట) చెడాలి. పొలం తెలిసినవాళ్లు చదివి నవ్వాలే గానీ ‘ఇలా జరగదు’ అనకూడదు. ఎక్కడ తప్పు చేయించాలి? పైగా వీళ్లు అమ్ముకుని ఎందుకు పోరు?

గట్టుమీద:
మండె కట్టే (విత్తనాన్ని నానబెట్టి మొలకెత్తించే) దగ్గర పట్టుకోండి. స్వర్ణ (ఎంటీయూ 7029) రకం విత్తనం ఎకరాకి 25 కిలోలు, మొత్తం 75. ఆకుమడి (నారుమడి) ఎకరాకి 5 సెంట్ల లెక్కన 15 సెంట్లు. విత్తనం 24 గంటలు నానబెట్టి, నీళ్లోడ్చి, తడి గోనెల కింద ఇంకో 24 గంటలు. మధ్యలో తెరిచి నీళ్లు చిలకరించి తిరగెయ్యాలి. మీ మాస్టారు ‘ఇరవైనాలుగంటే ఇరవైనాలుగే’ అని గోనె ఎత్తనివ్వడు. లోపల వేడెక్కి నడిమధ్య గింజ చస్తుంది, పైది ఆరిపోతుంది. మిగిలినదాన్ని చల్లడం ఒక్కరోజు ఆలస్యమైనా వేళ్లు పెనవేసుకుని ముద్దలు ముద్దలుగా పడుతుంది. మడి ఒకచోట జుట్టు, ఒకచోట బట్టతల. దాని ఫలితం ఊడ్పులనాడు తెలుస్తుంది: ఆకు చాలదు. పక్కచేను ఆసామిని అడగాలి. ఆయనతో గట్టు తగాదా అప్పటికే పెట్టించి ఉంచండి.

రెండో తప్పు కాలిబాటలు. ప్రతి 2 మీటర్లకీ 20 సెంటీమీటర్లు వదిలితే గాలి ఆడి సుడిదోమ (వరి రసం పీల్చే పురుగు) తగ్గుతుంది. వృథా అయ్యే నేల పదోవంతా పదకొండోవంతా అని మాస్టారు మేనకోడలితో వాదించి, చివరికి బాటలే వద్దంటాడు. చేను పచ్చగా ఉందని మురిసి హార్మోనిస్టు ఇంకో విడత యూరియా చల్లితే చాలు, సుడిదోమ దుబ్బుల మొదట్లో చేరి చేను గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండిపోతుంది.

దింపుకాయ:
అమ్ముకోకపోవడానికి కారణం చట్టంలోనే ఉంది. ఆస్తి పెద్దాయన స్వార్జితమైతే చుట్టరికం లేనివాళ్లకీ వీలునామా రాయొచ్చు. కానీ అవి విడదీయని వాటాలు. ఎవరి వాటా వాళ్లు అమ్ముకోవచ్చు, కోర్టులో పంపకమూ అడగొచ్చు. హద్దులు చూపించలేని వాటాకి మాత్రం సరైన ధర రాదు.

ఇంకోటి, వరి డబ్బు కోతల తర్వాతే. కొబ్బరి 45 రోజులకో రెండు నెలలకో దింపు (కాయ కోత). ఈ నలుగురి పొయ్యి వెలగాలంటే దింపు తీసేవాడు రావాలి కాబట్టి అసలు యజమాని అతనే. చెట్టెక్కాక బేరం మొదలుపెట్టించండి.

మురుగుకాలవ:
లస్కరుని మూలన కూర్చోబెట్టకండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలేది జూన్‌లో. బోదెకి (చేలకి నీళ్లు తెచ్చే పిల్లకాలువకి) నీరు ఎప్పుడు ఎక్కుతుందో తెలిసినవాడు ఆ ఒక్కడే, మాట్లాడనివాడూ అతనే. కోనసీమ సార్వాకి నీటి ఎద్దడి కంటే ముంపు పెద్ద బెడద. మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడితే నీరు దిగదు.

కథని 2011 సార్వాలో పెట్టే ఆలోచన చెయ్యండి. కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి, కావాలనే సాగు మానేసిన ఏడాది అది. చుట్టూ బీడు, ఊడ్చింది ఈ నలుగురే. ఊరి ఎలుకలన్నీ ఆ మూడెకరాలకే దిగుతాయి. గట్టుమీద గారు చెప్పిన తగాదా కూడా అక్కర్లేదు, అడగడానికి పక్కచేలో ఆకే ఉండదు.