అప్‌డేట్: ప్రొమీథియా 32వ సంచికను ఏ వరుసలో చదవాలి?

అలన్ మూర్ రాయగా జె.హెచ్. విలియమ్స్ బొమ్మలు గీసిన ‘ప్రొమీథియా’ అనే కామిక్స్ చివరి సంచికలో పేజీలు ఎందుకంత తెగిపోయినట్టు ఉన్నాయని ఇంతకుముందు అడిగాను. మీలో కొందరు సూచించినట్టు ఆ 32 పేజీలను విడదీసి, (పుస్తకం పాడు చేయడానికి మనసొప్పక నకలు తీసుకునే లెండి) పక్కపక్కన పరిచి చూశాను. విడివిడిగా రంగుల మరకల్లా, అర్థరహితమైన వంపుల్లా కనిపించినవన్నీ కలిసి రెండు వైపులా కథానాయిక ప్రొమీథియా ముఖంగా రూపుదిద్దుకున్నాయి. పేజీల వరుసలో చదివినా, పోస్టరుగా చూసినా పనికివచ్చేలా దాన్ని అమర్చారన్నమాట. 32 అన్న సంఖ్య కూడా యూదుల మార్మిక సంప్రదాయమైన కబాలాలో జీవవృక్షం అనే పటంలోని 10 గోళాలకు, వాటిని కలిపే 22 దారులకు సరిపోతుంది.

ఆ ఊపులోనే 12వ సంచికను మళ్లీ తెరిచాను. అందులో జోస్యానికి వాడే టారో కార్డుల్లోని 22 ప్రధాన కార్డుల మీదుగా మానవ చరిత్ర నడుస్తుంటే, స్క్రాబుల్ అనే పదాల ఆటలోని అక్షరాల బిళ్లలు ‘ప్రొమీథియా’ అన్న పేరులోని అక్షరాలనే తారుమారు చేస్తూ ప్రతి కార్డుకూ తగిన కొత్త మాటలు కూరుస్తాయి; అడుగున ఆంగ్ల మంత్రవిద్యావేత్త అలిస్టర్ క్రౌలీ పేజీ పేజీకీ వయసు మీరుతూ ఒకే హాస్యకథను చెప్పుకుపోతాడు. ఈ మూడింటినీ ఒకేసారి చదవబోతే తల తిరిగింది. ఒక్కొక్క వరుసనూ చివరిదాకా చదివి, ఆ తరువాత పేజీని మొత్తంగా చూడడమే నాకు కుదిరిన పద్ధతి.

ప్రొమీథియా జీవవృక్షాన్ని ఎక్కే 13 నుంచి 23 వరకు సంచికలు కొందరికి పాఠంలా తోచాయన్న ఫిర్యాదు అన్యాయం కాదు. అయితే ఒక్కో గోళానికి రంగులు మారే తీరు చూశాక నేను వాటిని వదులుకోలేను.