‘సెట్’కు ఎన్ని అర్థాలు?

కర్నూలు టీచరు: లెక్కల్లో సమితి సెట్టే, టెన్నిస్‌లో మామూలుగా ఆరు గేములు గెలిస్తే వచ్చేదీ సెట్టే, పొద్దు గుంకడమూ సెట్టే. పిల్లలు నిలదీస్తున్నారు. మీ మీ పనుల్లో ఈ మాటను ఎలా వాడతారో చెప్పండి.

నిఘంటుప్రియ: 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ఒక్క ‘సెట్’ క్రియకే 430 అర్థాలున్నాయి. ఆ తర్వాత ‘రన్’ 645తో దాన్ని దాటేసింది.

సిమెంటు మనిషి: సైటులో మాకు కావలసింది ఒకటే, గట్టిపడటం. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా పూర్తిగా బిగియాలి. ‘సెట్టయింది సార్’ అనగానే చాలామంది నీళ్లు చల్లడం ఆపేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే! సెట్ కావడం వేరు, బలం రావడం వేరు. బలాన్ని పరీక్షించేది 28వ రోజున.

చిత్తూరు వాసి: విరిగిన ఎముకను సరిగ్గా అమర్చడమూ సెట్టే. మా పుత్తూరు కట్టు వైద్యులను ఇంగ్లీషు పత్రికలు ‘బోన్ సెట్టర్లు’ అంటాయి.

చెక్కపని: రంపం పళ్లను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కాస్త వంచుతాం. అదీ సెట్టే. లేకపోతే కోత ఇరుకై రంపం చెక్కలో పట్టేస్తుంది.

డాలస్ తెలుగు: ‘ఈ చొక్కా నాకు సెట్ కాలేదు’, ‘సంబంధం సెట్టయింది’ అన్నవి మనవాళ్ల సొంత సృష్టి. ఇక్కడి ఆఫీసులో అలా అంటే ఎవరికీ అర్థం కాదు. నప్పడం, కుదరడం అని మనకు చక్కటి మాటలుండగా ఇదెందుకో!

నిఘంటుప్రియ: టీచరుగారూ, పిల్లలకు ఇలా చెప్పి చూడండి. క్రియ పాత ఇంగ్లీషు ‘సెట్టన్’ నుంచి వచ్చింది, ‘కూర్చోబెట్టు’ అని అర్థం. సిమెంటు, ఎముక, అలారం అన్నీ ఆ దారిలోవే. గుంపు అనే అర్థంలోని సెట్‌కు మాత్రం ఇంకో మూలం కూడా ఉంది: లాటిన్ ‘సెక్టా’. అది పాత ఫ్రెంచి మీదుగా వచ్చి దీనితో కలిసిపోయింది. అంటే సమితికీ సూర్యాస్తమయానికీ బలవంతంగా చుట్టరికం కలపనక్కరలేదు.

ఇంటర్ విద్యార్థి: మరి ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్?

నిఘంటుప్రియ: అందులోని ‘సెట్’ అంటే కామన్ ఎంట్రన్స్ టెస్టు నాయనా, పొడి అక్షరాలు. దాన్ని ఈ లెక్కలో కలపకు.