మెసీన్ సొరంగాలు: ఇసుక కింద ఎంత బంకమట్టి మందం వదిలేవారు?

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 జూన్ 7న బెల్జియంలోని మెసీన్ గుట్ట మీదున్న జర్మన్ సేన కిందికి ముందే తవ్విన సొరంగాల్లో బ్రిటిష్ సేన 19 మందుపాతరలు పేల్చింది. అక్కడ నీలి బంకమట్టి మీద నీళ్లూరే ఇసుక పొర ఉంది. చెక్కల ఊతతో సొరంగానికి దారిగా బావి దింపితే ఆ ఇసుక నీళ్లతో సహా లోపలికి కారిపోతుంది. అందుకే ఉక్కు వలయాలు దింపి బంకమట్టిని అందుకున్నారు. (పైకి తెచ్చిన నీలిమట్టిని దాచడం మరో తలనొప్పి, రంగు చూస్తేనే ఎంత లోతున తవ్వుతున్నారో శత్రువుకు తెలిసిపోతుంది.)

నాకు తేలనిది ఇది. భూగర్భ శాస్త్రవేత్త ఎడ్జ్‌వర్త్ డేవిడ్ బోర్లు వేయించి పొరల లోతు పట్టాడు సరే, సొరంగం పైకప్పుకూ తడి ఇసుకకూ మధ్య కనీసం ఎన్ని అడుగుల బంకమట్టి ఉంచేవారు? వానల తర్వాత నీటిమట్టం పెరిగితే ఆ లెక్క మారేదా? గాలి తగిలిన బంకమట్టి ఉబ్బి చెక్కలను విరిచేస్తుంది కదా, దానికి చుట్టూ ఖాళీ ఎంత వదిలేవారు? బోరు పటాలు చదివినవాళ్లు చెప్పగలరా?