కుండీ తంగేడుకు కత్తెర వేయాలా, వద్దా?

హనుమకొండ పెరడు:
మా ఇంటి వెనక స్థలమంతా నల్లరేగడి. వాన పడితే నీళ్లు ఒక పట్టాన ఇంకవు. అందుకే గోడ వారగా ఇటుకలతో రెండడుగుల ఎత్తు మడి కట్టించి, మొరం మట్టి నింపి తంగేడు గింజలు పెట్టాం. మడిలో నాలుగు మొక్కలు నిలిచాయి, ఇంకొకటి నీలం డ్రమ్ములో ఉంది. ఇప్పుడు ఛాతీ ఎత్తు పెరిగాయి కానీ కింద అంతా బోసి కట్టె, పైన నాలుగాకులు. పోయిన బతుకమ్మకు తాంబాలంలో ఒక వరసకు కూడా పూలు సరిపోలేదు. నర్సరీలో అడిగితే తొలకరికి ముందు సగానికి కొట్టేయమన్నారు. మా అత్తమ్మేమో "అడవి చెట్టుకు కత్తెరేంది, దాని మానాన దాన్ని పూయనీ" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

పరకాల రైతుబిడ్డ:
అత్తమ్మ మాటే వినండి అక్కా. తంగేడు పుట్టిందే గట్ల మీద, గుట్టల మీద. ధర్మసాగర్ దిక్కు పోయి చూడండి, వాటికి ఎవరు నీళ్లు పోశారు, ఎవరు కత్తెర వేశారు? వాన మంచిగ పడితే విరగబూస్తుంది, లేకుంటే లేదు. తల్లివేరు లోపలికి దిగితేనే దానికి బలం. కింద వేరుకు చోటు లేకుండా చేసి, పైన తల నరికి, ఇక పూయమంటే ఎట్లా? మడిలో గునుగు, బంతి వేసుకోండి. తంగేడు కావాలంటే ఎంగిలిపూల (బతుకమ్మ తొలిరోజు) ముందు రోజు పిల్లల్ని తీసుకుని గట్ల వెంట పోండి. అసలు పండుగ అక్కడే మొదలవుతుంది.

కాజీపేట టీచరమ్మ:
ఎవరు కత్తిరించారని మీ తాతను అడుగు తమ్ముడూ. యూరియా బస్తాలు ఊళ్లోకి రాకముందు తంగేడు కొమ్మలు నరికి, మోపులు కట్టి తెచ్చి, వరి నాటే ముందు దమ్ములో వేసి తొక్కేవాళ్లు. తోళ్ల పదునుకు దాని బెరడు ఒలిచేవాళ్లు. నరికిన మొదలు నుంచే మళ్లీ గుబురుగా లేచేది. మనిషి చెయ్యి పడని అడవి చెట్టు అనుకోవడం మన తరం ఊహ. గట్ల మీద ఇప్పుడు నరికేవాళ్లు తగ్గారు, అంతే.

పూత సంగతి ఇంకొకటి. తంగేడు గుత్తులు లేత కొమ్మల చివర్లలో, ఆ పై ఆకుల మొదళ్లలో వస్తాయి. పాత కట్టె మీద రావు. చివర్లు ఎన్ని ఉంటే గుత్తులు అన్ని. అక్క వాళ్ల మొక్కకు చివర్లే నాలుగైతే పూలెక్కడివి?

గొడవంతా ఎప్పుడు అన్న దగ్గరే. జూన్ మొదటి వారం అని కళ్లు మూసుకుని పెట్టుకోవద్దు. ఎంగిలిపూలు పడే మహాలయ అమావాస్య 2023లో అక్టోబరు 14న, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. ఈ 2026లో అధిక జ్యేష్ఠం పడింది కనుక మళ్లీ అక్టోబరు 10కి పోయింది. దాదాపు మూడు వారాల తేడా. పండుగ నుంచి వెనక్కి లెక్కేసి మూడు నెలలకు తక్కువ కాకుండా చేతిలో ఉంచుకుని కత్తిరించాలి. శ్రావణం వచ్చాక కత్తెర అటక మీద పెట్టేయాలి, అప్పుడు కోస్తే మొగ్గలే పోతాయి.

పరకాల రైతుబిడ్డ:
తంగేడు పంచాంగం చూసి పూయదు టీచరమ్మా! తాతల కాలంలో నరికారన్నది ఒప్పుకుంటా. కానీ నరికింది నేలలో ఉన్న చెట్టును. దాని వేరు ఎక్కడో తడిలో ఉంటుంది కాబట్టి లేచింది. డ్రమ్ములో ఉన్నదానికి ఆ ధైర్యం ఎక్కడిది? జూన్‌లో సగానికి కొట్టి, ఆ తర్వాత వాన ఇరవై రోజులు మొహం చాటేస్తే మోడే మిగులుతుంది.

నర్సరీ తమ్ముడు:
అన్న చెప్పిన దాంట్లో ఆ ఒక్కటి నిజం. అందుకే మడికి ఒక లెక్క, డ్రమ్ముకు ఒక లెక్క. అక్క వాళ్ల మడికి కింద గచ్చు లేదు, వేరు రెండడుగుల మొరం దాటి కింది రేగడిలోకి పోయే ఉంటుంది. దాన్ని ధైర్యంగా కోయొచ్చు. డ్రమ్ములో వేరు గోడ చుట్టూ తిరిగి చుట్టలు పడుతుంది, ఎండకు డ్రమ్ము కాలి అంచు వేర్లు మాడతాయి. దానికి మూడో వంతు కంటే ఎక్కువ తీయొద్దు.

మడిలో కూడా నర్సరీ వాళ్లు చెప్పారని గుడ్డిగా సగం గీత పెట్టి కొట్టకండి. బోసి కట్టె మీద వేలితో తడిమి చూడండి. పాత ఆకు రాలిన చోట గీతలా మచ్చ ఉంటుంది, దాని పైన చిన్న బొడిపె తగులుతుంది. ఆకుపచ్చగా ఉబ్బిన బొడిపె ఎంత కిందికి దొరికితే అంత కిందికి, దానికి కొంచెం పైన ఏటవాలుగా కోయండి. బొడిపె మొక్క బయటి వైపుకు చూస్తుండాలి. బెరడు గోకితే లోపల పచ్చదనం లేదంటే అది చచ్చిన కట్టె, మొదలంటా తీసేయడమే. ముందు రోజు మడి నిండా తడపండి, పొద్దు వాలాక కోయండి. వాన రాకపోతే మీరే నీళ్లు పోస్తారు కదా, గట్టు మీది చెట్టుకు ఆ సౌకర్యం లేదు. చిగురు జానెడు వచ్చాక ఒక్కసారి తలలు తుంచితే ఒక్కో కొమ్మ రెండు మూడవుతుంది. ఆ తర్వాత ముట్టొద్దు.

సుబేదారి సైటు ఇంజినీరు:
చర్చ చదివి ఇదే మడి మిద్దె మీద కడదామనుకునేవాళ్లకు చిన్న హెచ్చరిక. తడిసిన మట్టి ఘనపు అడుగుకు 45–50 కిలోలు ఉంటుంది. రెండడుగుల లోతంటే చదరపు అడుగు మీద 90 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే మిద్దెకు మామూలుగా డిజైన్‌లో పట్టే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు, అంటే చదరపు అడుగుకు 14 కిలోలు. స్లాబ్ మధ్యలో మొరం పోసి తంగేడు పెంచుతామంటే కింద పడుకునేవాళ్లకు టెన్షనే. పూలు రాకపోయినా ఫర్వాలేదు, పైకప్పు కిందికి రావొద్దు.

పరకాల రైతుబిడ్డ:
సార్ చెప్పింది నాకు కలిసొచ్చింది, మిద్దె మీద తంగేడు వద్దే వద్దు! సరే, ఎరువు సంగతి ఏంది? చిక్కుడు జాతే కదా, నత్రజని అదే చేసుకుంటుంది, ఏమీ వేయకండి అక్కా.

నర్సరీ తమ్ముడు:
కుటుంబం అదే కానీ తంగేడు వేర్లకు చిక్కుడు, జనుము లాగా బుడిపెలు రావన్నా. నేల నుంచే తీసుకోవాలి. అట్లని యూరియా చల్లితే ఆకే ఆకు. కత్తిరించిన రోజు మొదట్లో రెండు దోసిళ్ల మాగిన పశువుల ఎరువు చాలు.

హనుమకొండ పెరడు:
అత్తమ్మకు చదివి వినిపించాను. దమ్ములో తంగేడు తొక్కిన సంగతి రాగానే "అవును, మా నాయన మోపులు మోసేటోడు" అన్నారు, కానీ కత్తెరకు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. మడిలో రెండు కోసి రెండు వదిలేస్తాం, వదిలినవి ఆమె లెక్క. ఇంకో సందేహం. ఆకుల కింద ఆకు రంగులోనే సన్నని పురుగులు ఉన్నాయి, ఈనె వారగా పడుకుంటే కనబడవు. లేత చిగురంతా తినేస్తున్నాయి. మందు కొట్టాలా?

కాజీపేట టీచరమ్మ:
కొట్టకు. తెల్లగా, కాస్త పచ్చగా గుంపులుగా తిరిగే సీతాకోకచిలుకల పిల్లలవి, తంగేడు జాతి ఆకుల మీద గుడ్లు పెడతాయి. కోసిన రెండింటి మీద చిగురు పొడిచేటప్పుడు మాత్రం రోజూ చూసి, చేత్తో తీసి వదిలేసిన వాటి మీద వేయి.

పరకాల రైతుబిడ్డ:
అంటే పురుగులు కూడా అత్తమ్మ మొక్కల మీదికేనా! ఇదేం పోటీ టీచరమ్మా? ఎటూ వేయకండి అక్కా, లేకుంటే అక్టోబరులో లెక్క ఒప్పుకోను.